తొమ్మిదో సీసా

జూన్ 3

మేనకోడలికి,

దీవెనలు చివర్న ఇస్తాను, అప్పటికి మిగిలితే. ముందు కోపం. ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు "మామయ్యా, బీపీ, బీపీ" అంటావు, దాంతో అసలు సంగతి గాల్లో కలిసిపోతుంది. కాగితం నయం, మధ్యలో అడ్డు తగలదు.

నన్ను వాసన బల్ల దగ్గర్నుంచి తీసేశారు.

ఇంకోసారి చదువుకోనక్కర్లేదు, సరిగ్గానే చదివావు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ఊరి నీళ్ళు నా ముక్కు దాటకుండా ఏ కుళాయిలోకీ పోలేదు. పొద్దున్నే రిజర్వాయరు నీళ్ళు గాజుకుప్పెలో పోసి, గోరువెచ్చగా చేసి, మూత పెట్టి బాగా కుదిపి, మూత తీసి ఒక్కసారి పీల్చడం. బురద వాసనా, నాచు వాసనా, తుప్పా, మందు ఎక్కువ పడిందా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా. మిషన్లు గంటసేపు ఆలోచించి చెప్పే మాట నేను ఒక్క ఊపిరిలో చెప్పేవాణ్ణి. దానికోసం ఇన్నేళ్ళూ వాసన సబ్బుతో గడ్డం గీసుకోలేదు. డ్యూటీకి ముందు కాఫీ ముట్టుకోలేదు. మీ అత్తయ్య పెళ్ళైన కొత్తలో ముచ్చటపడి కొనుక్కున్న పౌడరు డబ్బా నా మూలాన మూత తియ్యకుండానే గడ్డకట్టింది.

ఇప్పుడు హెడ్డాఫీసులో చల్లటి గదిలో కూర్చున్న ఎవడో మేధావి కొత్త పరీక్ష కనిపెట్టాడు. పొద్దున పన్నెండు సీసాలు వాసన చూపించారు. మధ్యాహ్నం ఇరవై నాలుగు తెచ్చి వరసగా పెట్టారు. ఒక్కొక్కటీ చూసి "పొద్దున చూశాను" అనో, "చూడలేదు" అనో రాయాలట. పొద్దుటి పన్నెండూ వాటిల్లోనే కలిపేశారు. ఆ పన్నెండుకి పన్నెండూ పట్టుకున్నాను! ఒక్కటంటే ఒక్కటి జారిపోలేదు. అయినా ఫెయిల్. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?

అక్కడితో ఆగారా? మా సూపరింటెండెంటు నా కాగితం క్యాంటీన్లో అందరి ముందూ పైకి చదివాడు. అదేం ఆనందమో ఆయనకి. నేను అన్నిటికీ అవునన్నానట. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు కూడా నన్ను "అవునుగారూ" అని పిలుస్తున్నారు. ప్రస్తుతం మీటర్ల గదిలో పాత మీటర్లకి చీటీలు అంటిస్తున్నాను. రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. రెండేళ్ళపాటు చీటీలు!

నువ్వూ ఆ హెడ్డాఫీసు ల్యాబులోనే కదా ఉన్నావు. ఆ మేధావి ఎవడో కనుక్కో. ఊరూ పేరూ అక్కర్లేదు, ముఖం ఎలా ఉంటుందో చెప్పు చాలు, కలలో అయినా పట్టుకుని నాలుగు దులుపుతాను.

దీవెనలు కొంచెం మిగిలాయి, తీసుకో.

మీ మామయ్య


జూన్ 9

మామయ్యా,

క్షేమమా అని అడగను, కాదని తెలుసు. నేనూ కాదు. నీ ఉత్తరం నాలుగు రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగాను. జవాబు ఎలా మొదలుపెట్టాలో తోచక రెండు కాగితాలు చించేశాను.

ఆ మేధావి ముఖం నీకు బాగా తెలుసు. ఆ తలకి పదేళ్ళపాటు జడలు వేసింది అత్తయ్యే.

పరీక్ష నేనే తయారుచేశాను. పదకొండు నీళ్ళ స్టేషన్లకి పంపాను. ఎవరి కాగితం మీదా పేరు ఉండకూడదని, నంబర్లు మాత్రమే ఉండాలని నేనే పట్టుబట్టాను. నా దగ్గరికి వచ్చినవన్నీ నంబర్లే. పదిహేడో నంబరు కాగితం చూసినప్పుడు పాపం అనుకున్నాను, ఎర్ర పెన్నుతో "తప్పించాలి" అని రాసి సంతకం పెట్టాను. అది నువ్వని నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. నీకు చెప్పకూడని మాట ఇంకొకటి ఉంది, కానీ చెప్పకపోతే ఇంకా పెద్ద ద్రోహం అవుతుంది. తెలిసినా అదే రాసేదాన్ని.

నువ్వు పన్నెండూ పట్టుకున్నావు, నిజమే. కానీ మిగతా పన్నెండూ కొత్తవి, పొద్దున నీకు చూపించనివి. వాటిలోనూ తొమ్మిదింటికి "చూశాను" అని రాశావు. మొత్తం ఇరవై ఒకటి అవును, మూడు కాదు. వయసు మీద పడుతున్నకొద్దీ చాలామందికి ఇలాగే అవుతుంది మామయ్యా. వాసన అసలు తెలియకపోవడం ఒక ఎత్తు, తెలిసిన వాసనకీ తెలియని వాసనకీ మధ్య గీత చెరిగిపోవడం ఇంకో ఎత్తు. ఏది ముక్కు దగ్గర పెట్టినా ఇది నేనెరిగినదే అనిపిస్తుంది. అబద్ధం ఆడుతున్నట్టు కూడా ఉండదు, నిజంగానే అలా అనిపిస్తుంది. అందుకే ఎవరికి వాళ్ళకి ఆ సంగతి తెలియదు.

ఇక క్యాంటీన్ విషయం. నీకెంత కోపం వచ్చిందో నాకు అంతకు రెట్టింపు వచ్చింది. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి కాగితాన్ని టీ కప్పులు పట్టుకున్నవాళ్ళకి చదివి వినిపిస్తాడా? నంబర్లు వేయించింది దేనికి మరి? ఇవాళే మీ సూపరింటెండెంటు మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను.

తిట్టు. కానీ ఉత్తరం రాసే తిట్టు, మానెయ్యకు.

నీ కోడలుపిల్ల


జూన్ 15

హెడ్డాఫీసు మేడమ్ గారి సముఖానికి,

మీటర్ల గది చీటీల గుమాస్తా రాసుకునే మనవి.

నువ్వు ఆరేళ్ళ పిల్లవి, మీ అమ్మ పోయిన మర్నాడు, రెండు గౌన్లూ ఒక పెన్సిల్ డబ్బా ఉన్న సంచితో మా ఇంటికి వచ్చావు. నిన్ను కూర్చోబెట్టి చదివించింది నా ముక్కు. ఆ ముక్కు మీద వచ్చిన జీతంతోనే నువ్వు కెమిస్ట్రీ చదివి, ఆ కెమిస్ట్రీతోనే ఆ ముక్కు కోశావు. బాగుంది, చాలా బాగుంది. పైగా "తెలిసినా అదే రాసేదాన్ని" అని కింద గీత గీసి మరీ పంపావు.

అసలు ఆ పరీక్షే తప్పు. నీళ్ళలో వాసన ఉందా, లేదా, ఉంటే ఏం వాసన, ఇదీ నా పని. పొద్దున ఏ సీసా చూశానో మధ్యాహ్నం దాకా గుర్తు పెట్టుకోవడం నా పని కాదు. వంటమనిషిని తీసుకెళ్ళి ఈత పరీక్ష పెడితే మునిగిపోడూ?

నీ ఫిర్యాదు ఫలితం కూడా చెబుతాను, విని సంతోషించు. సూపరింటెండెంటు మీటర్ల గదికి వచ్చి, మూతి అష్టవంకర్లు తిప్పుకుంటూ, పదిమంది ముందు నాకు క్షమాపణ చెప్పాడు. అంతే, క్యాంటీన్లో కొత్త పాట మొదలైంది. "అవునుగారికి హెడ్డాఫీసులో మేనకోడలుంది, నాలుగు రోజుల్లో మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంటాడు చూడండి" అని. ఇన్నాళ్ళూ చేతకానివాణ్ణి మాత్రమే, ఇప్పుడు సిఫారసుగాణ్ణి కూడా అయ్యాను. నా తరఫున రాయమని నిన్నెవరు అడిగారు?

మీ అత్తయ్య అయినా నా వైపు ఉంటుందనుకున్నాను. నీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మూడేళ్ళుగా పాలు మాడుతున్నా మీరు స్టవ్ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నేనెప్పుడైనా అన్నానా?" అంది. మూడేళ్ళు! అవతల గదిలోంచి పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపి, నేను చూడకుండా గిన్నె తోముకుని, మళ్ళీ పాలు పెట్టేదట. నాకు చెప్పకుండా! మీ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం తెచ్చుకోవాలో తేల్చుకోలేక రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

ఇట్లు
పదిహేడో నంబరు


జూన్ 22

మామయ్యా,

నీ మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు, "నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉందా" అని చూడటం నీ పని అని. నిన్నటి నీళ్ళ వాసన గుర్తు లేకుండా తేడా ఎలా తెలుస్తుంది? ఊళ్ళో పసిపిల్లలు తాగే నీళ్ళవి. వంటమనిషి, ఈత అంటూ నన్ను నవ్వించి తప్పించుకోకు.

సిఫారసు మాట విని తల పట్టుకున్నాను. నేను మంచికి చేసింది నీకు ఇంకో మచ్చ తెచ్చిపెట్టింది. దానికి మాత్రం క్షమించు.

ఈ ఉత్తరం ఇక్కడితో ముగించి పోస్ట్ చేసేదాన్ని. కానీ నువ్వు రాసిన "మూడేళ్ళు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాలుగు రోజులుగా అక్కడే ఆగి ఉన్నాను.

అమ్మ పోయాక ఆమె చీరలన్నీ ఉతికించి ఎవరెవరికో ఇచ్చేశారు. ఆమె పనిచేసిన పెన్సిళ్ళ ఫ్యాక్టరీ నేను కాలేజీకి వెళ్ళకముందే మూతపడింది. చెక్కపొట్టు, మైనం, పసుపు రంగు పెయింటు, వీటన్నిటి వెనకాల ఆమెది ఏదో ఒక వాసన, అంతవరకూ నువ్వు చెప్పగా విన్నదే. నేను కెమిస్ట్రీ ఎందుకు చదివానో నీకు తెలుసు. ఉద్యోగం వచ్చినప్పట్నుంచీ ఆ వాసన వచ్చేలా ఏడాదికొక సీసా కలిపి, సెలవుల్లో నీ దగ్గరికి తెచ్చేదాన్ని. ఎనిమిదేళ్ళు నువ్వు "కాదు" అన్నావు. "దగ్గరికొచ్చింది, కానీ కాదు" అన్నావు. తొమ్మిదో సీసాకి "ఇదే, మా అక్కే" అన్నావు. ఆ రోజు వంటింట్లో నేల మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో అత్తయ్యని అడుగు.

అది మూడేళ్ళ కిందట.

ఆ సీసా ఇనప్పెట్టెలో పెట్టి బీరువా అడుగు అరలో దాచాను. అమ్మ పోయిన రోజున, ఏడాదికొక్కసారి మాత్రమే మూత తీస్తాను, అయిపోతుందేమోనని. నాకు అమ్మ వాసన గుర్తులేదు మామయ్యా. నీకు గుర్తుంది కాబట్టి నాకు ఉంది, అంతే. ఇప్పుడు చెప్పు. ఆ రోజు గుర్తుపట్టి అన్నావా, పదిహేడో నంబరు అన్నట్టు అన్నావా?

విడిగా చిన్న పార్శిల్ పంపుతున్నాను. పన్నెండు సీసాలు, పేర్లు అంటించి ఉంటాయి. రోజూ కాసేపు పేరు చదువుకుంటూ వాసన చూస్తే ముక్కుకి మంచిదంటారు.

నీ కోడలుపిల్ల


జూన్ 29

అమ్మాయికి,

పార్శిల్ విప్పకుండానే తిప్పి పంపాను. అందులో సీసాలు గలగలమన్నాయి, అది చాలు నాకు. ఒక పరీక్షతో పరువు తీసింది చాలక ఇంటికి కూడా పంపుతావా?

మా అక్క వాసనకి కూడా మార్కులు వేస్తున్నావు. నేను నీకు అబద్ధం చెప్పి ఉంటానని కాగితం మీద పెట్టి అడిగావు. ఇరవై ఎనిమిదేళ్ళు పెంచినవాణ్ణి ఆ మాట అడగటానికి నీకు పెన్ను ఎలా కదిలింది?

జవాబు చెప్పను. ఉత్తరాలు కూడా వద్దు.

మామయ్య


జూలై 7

మామయ్యా,

వద్దన్నా రాస్తున్నాను, మొండితనం నీ దగ్గరే నేర్చుకున్నాను.

పార్శిల్ పరీక్ష కాదు. పేర్లు అంటించిన సీసాలతో పరీక్ష ఎవరైనా పెడతారా? నా ఉత్తరం చివరి మూడు వాక్యాలు నువ్వు చదవలేదు, కోపంలో కాగితం మడిచేసి ఉంటావు. ఎప్పుడూ అంతే. సగం విని లేచిపోతావు, మిగతా సగం మేం నీ వెనకాల నడుస్తూ చెప్పాలి.

జవాబు చెప్పను అనడం కూడా జవాబే. నిజంగా గుర్తుపట్టి ఉంటే ఈపాటికి పది పేజీలు తిట్టి, చివర్లో "అది మా అక్క వాసనే, నీకేం తెలుసు" అని రాసి ఉండేవాడివి. ఆ ఒక్క ముక్క రాయలేదు.

ఈ నెల ఇరవైన అమ్మ పోయిన రోజు. ఈసారి మూత తియ్యలేను. తీస్తే ఏం పీలుస్తున్నానో నాకే తెలియదు. నేను కలిపిన చెక్కనూనె, నేను కలిపిన మైనం. దాన్ని పట్టుకుని మూడేళ్ళు అమ్మా అని ఏడ్చానంటే నా మీద నాకే రోత పుడుతోంది. నీ దగ్గర్నుంచి నిజం రాకపోతే ఆ రోజు సింకులో ఒంపేస్తాను. బెదిరింపు అనుకో, ఏమైనా అనుకో.

కోడలు


జూలై 13

తల్లీ,

ఒంపకు. ముందు ఆ మాట. మిగతావి ఇప్పుడు రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అత్తయ్యని పిలిచి, "నీ వంటింటి సామానుతోనే పరీక్ష పెట్టు, హెడ్డాఫీసు మోసం ఏమిటో తేలిపోతుంది" అన్నాను. ఖాళీ మందు సీసాలు కడిగి ఆరబెట్టింది. కాఫీ పొడి, కిరసనాయిలు, బట్టల సబ్బు, బూటు పాలిష్, ఇలాంటివన్నీ. నా కళ్ళకి తువ్వాలు కట్టింది. పొద్దున ఆరు చూపించింది. భోజనాలయ్యాక పన్నెండు. నేను పదకొండింటికి చూశానన్నాను. చాలా ధీమాగా అన్నాను, ఒకటి రెండింటికి చిటిక కూడా వేశాను. తువ్వాలు విప్పాక చూస్తే, ఆ పదకొండిట్లో ఒక సీసా ఖాళీది. ఏమీ పొయ్యలేదట, ఊరికే కలిపిందట. దానికీ అవునన్నాను.

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సీసాలన్నీ సర్దేసి, నా పక్కన కూర్చుని కాసేపు నా చెయ్యి పట్టుకుంది.

పదిహేడో నంబరుని తప్పించడం సరైన పనే. ఈ వాక్యం ఒక్కసారే రాస్తాను, మళ్ళీ అడిగితే రాయలేదంటాను. క్యాంటీన్లో చదివినవాణ్ణి మాత్రం చచ్చేదాకా క్షమించను. మూడేళ్ళు గిన్నెలు తోమిన ఆవిణ్ణి క్షమించాలా లేదా ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇక నీ సీసా.

మొదటి నాలుగేళ్ళూ నేను నిజంగా నా ముక్కుతోనే చెప్పాను. నువ్వు తెచ్చినవి మా అక్క వాసనకి ఎంత దూరంలో ఉన్నాయో నాకు స్పష్టంగా తెలిసేది. ఐదో ఏడు సీసా తీసుకుని, పోల్చి చూద్దామని లోపల వెతుక్కున్నాను. అక్క ముఖం వచ్చింది. గొంతు వచ్చింది. గోళ్ళ సందుల్లో ఎంత రుద్దినా పోని పసుపు పెయింటు కూడా వచ్చింది. వాసన రాలేదు. ఆ రోజంతా వెతికాను, తర్వాత ఎన్నో రోజులు వెతికాను. ఊరందరి నీళ్ళూ వాసన చూసేవాడు తోడబుట్టినదాని వాసన పోగొట్టుకున్నాడని నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు ఇంకేదీ మిగల్చుకోకుండా నన్ను నమ్ముకుని ఉన్నావాయె.

అప్పట్నుంచి సీసాని చూడటం మానేసి నిన్ను చూడటం మొదలుపెట్టాను. నాకు ఇచ్చే ముందు నువ్వు ఎప్పుడూ మూత తీసి ఒకసారి పీల్చేదానివి, సరిగ్గా ఉందో లేదో అని. ఐదో ఏడు, ఆరో ఏడు, ఏడు, ఎనిమిది, కొట్లో సరుకు చూపించే మనిషిలా పీల్చి నా చేతికిచ్చావు. నీ ముఖంలో ఏమీ లేదు. కాదన్నాను.

తొమ్మిదో సీసా మూత తీసినప్పుడు, పీల్చి, నాకు ఇవ్వడం మర్చిపోయావు. స్టవ్ పక్కన నిలబడి, కుడికాలు ఎత్తి ఎడమ పాదం మీద పెట్టుకున్నావు. అలా ఒంటికాలి మీద కొంచెం ఊగుతూ నిలబడ్డావు. ముప్ఫై దాటినదానివి, కళ్ళజోడు పెట్టుకున్నదానివి. నీకు తెలియదు. నీకు చెప్పేవాళ్ళూ ఎవరూ లేరు, అది చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. మీ అమ్మ ఫ్యాక్టరీ నుంచి రాగానే గుమ్మంలోనే ఆమె చీర చెంగు ముక్కుకి అదుముకుని సరిగ్గా అలాగే నిలబడేదానివి. ఆమె "కాళ్ళు నొప్పులే, లోపలికి రానియ్యవే" అన్నా వదిలేదానివి కాదు. ఆమె పోయాక మా ఇంట్లో అన్నేళ్ళు పెరిగావు, ఒక్కరోజు కూడా నువ్వలా నిలబడటం నేను చూడలేదు.

నీ చేతిలోంచి సీసా తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నట్టు నటించాను. ఊపిరి కూడా పీల్చలేదు. ఇదే అన్నాను.

కాబట్టి ఆ రోజు అవునన్నది పదిహేడో నంబరు కాదు, నేనూ కాదు. చిన్నతనంలో పట్టిన వాసనలు అన్నిటికంటే ఆఖరున పోతాయని నువ్వే ఓసారి నాకు పాఠం చెప్పావు. అంత చదువూ చదివి, ఆరేళ్ళప్పుడు పట్టిన నీ ముక్కుని వదిలేసి, ముసలివాణ్ణైపోతున్న నా ముక్కుని పట్టుకుని వేళ్ళాడావు చూడు, అందుకు నీ మీద వచ్చినంత కోపం నాకు సూపరింటెండెంటు మీద కూడా రాలేదు. నన్నడక్కు. నువ్వే తీసి చూడు.

మామయ్య


జూలై 21

మామయ్యా,

ఒంపలేదు.

నిన్న సెలవు పెట్టాను. పద్ధతిగా చేద్దామనుకున్నాను. కిటికీలు మూశాను, సబ్బు లేకుండా చేతులు కడుక్కున్నాను. గది మధ్యలో నిలబడి, కాళ్ళ వైపే చూస్తూ మూత తియ్యాలి, ఏ కాలు ఎప్పుడు కదిలిందో రాసుకోవాలి అని కాగితమూ పెన్నూ బల్ల మీద సిద్ధంగా పెట్టుకున్నాను. నీ మాట మీద కూడా నాకు నమ్మకం లేదు మరి, నా పరీక్ష నేను పెట్టుకోవాలి కదా.

మూత తీశాను. మళ్ళీ మూత పెట్టేసరికి కాగితం తెల్లగానే ఉంది. కాళ్ళ వైపు చూడటం మర్చిపోయాను.

ఐదేళ్ళు నా ముఖం చదువుతూ కూర్చుని, ఆ సంగతి నాకే చెప్పకుండా దాచావు. దానికి నిన్ను వదిలిపెట్టేది లేదు. ఉత్తరాల్లో తిడితే నీకు ఆనడం లేదు కనక ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను, ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను. అత్తయ్య అడ్డం వస్తే ఆవిణ్ణీ వదలను.

సీసా తెస్తున్నాను. నీకు వాసన రాకపోతే రాకపోనీ. మీ అక్క వాసన ఎలా ఉంటుందో నేను చెబుతాను.

నీ కోడలుపిల్ల